కారణం రాసే గడి

మనవరాలు కాలేజీ నుంచి తెచ్చిన కాగితంలో పన్నెండు అంశాలున్నాయి. నలుగురేసి పిల్లలు ఒక జట్టు కట్టాలట. ఏదైనా ఒక పనిచోటికి వెళ్ళి, అక్కడ పని ఎలా నడుస్తోందో చూడాలి. రేపు అదే పని కంప్యూటరు చేయాలంటే దానికి ఏమేం తెలిసి ఉండాలో రాయాలి. పనిచేసేవాళ్ళను అడగాలి, వాళ్ళు చెప్పింది రాయాలి, రాసింది వాళ్ళకే చదివి వినిపించి సంతకం పెట్టించుకోవాలి. సంతకం లేకపోతే మార్కుల్లేవు.

"మీ డిపో గురించి రాస్తాం తాతా," అంది మనవరాలు.

"అందులో రాయడానికేముంది?" అన్నాడు పెద్దాయన.

"నువ్వున్నావుగా."

పెద్దాయన చొక్కా గుండీలు పెట్టుకుంటూ ఊఁ అన్నాడు. ఆయన రోజుకు పది మాటలు మాట్లాడితే అందులో ఆరు ఊఁలే ఉంటాయి.

అది ప్రైవేటు బస్సుల డిపో. నలభై ఒక్క బస్సులు, అరవై రెండు మంది డ్రైవర్లు. గేటు పక్కన చిన్న గది, ఆ గది గోడకు నిలువెత్తు చెక్కపలక. పలక నిండా వరుసలు వరుసలుగా మేకులు. ఒక్కో మేకు ఒక్కో ట్రిప్పు. డ్రైవర్లందరికీ తలా ఒక రేకుబిళ్ళ, దాని మీద ఎవరి నంబరు వాళ్ళది కొట్టి ఉంటుంది. రోజూ నాలుగు గంటలకు పెద్దాయన పలక ముందు నిలబడి, మర్నాడు ఏ బస్సు ఎవరు తోలాలో ఆ బిళ్ళ ఆ మేకుకు తగిలిస్తాడు. గుమాస్తా వచ్చి దాన్ని చూసి కాగితం మీద ఎక్కించుకుపోతాడు. ముప్పై ఏళ్ళుగా ఇదే తంతు.

పెద్దాయన చదివింది మూడో తరగతి. అది కూడా అంతంతమాత్రమే. బస్సులు కడగడానికి వచ్చి, టైర్లు మార్చి, చివరికి ఈ గదిలో పడ్డాడు. అక్షరం కూడబలుక్కుని చదువుతాడు గానీ మనుషుల్ని గడగడా చదివేస్తాడు. ఎవడికి మధ్యాహ్నం తిండి తినగానే కునుకు వస్తుందో, ఏ డ్రైవరుకీ ఏ కండక్టరుకీ ఉప్పూ నిప్పూనో, ఎవరి ఇంట్లో చంటిపిల్లకు జ్వరమో అన్నీ ఆయన తలలో ఉంటాయి. తలలో ఉన్నవి నోట్లోకి రావు, అంతే తేడా.

సోమవారం పిల్లలు వచ్చారు. జట్టుకు లీడరని ఒక అబ్బాయి, ఇస్త్రీ మడత చెడకుండా కూర్చునే రకం. వాడి పక్కన పెన్సిలు కింద పెట్టని ఒక అమ్మాయి. పని ఎటు నుంచి ఎటు పోతుందో గీతలు, బాణాలతో గీయడం ఆమె వంతు కాబట్టి డిపోవాళ్ళు ఆమెకు బొమ్మలమ్మాయి అని పేరు పెట్టేశారు. మూడోది మనవరాలు. నాలుగో అబ్బాయి పేరు కాగితం మీద ఉంది గానీ మనిషి ఎక్కడా లేడు.

"మా దగ్గరా ఉన్నాడమ్మా అలాంటివాడొకడు," అన్నాడు బుంగమీసం డ్రైవరు తలుపు దగ్గర నిలబడి. "డ్యూటీలో కనపడడు గానీ ఫొటో తీస్తామంటే ముందు వరసలో ఉంటాడు."

లీడరు నవ్వలేదు. కాగితం తీశాడు. "తాతగారూ, డ్యూటీలు వేసే రూల్సు చెప్పండి."

"రూల్సేముంటాయి బాబూ. మనిషిని చూసి వేస్తాను."

"మనిషిని చూసి అంటే కంప్యూటరుకి అర్థం కాదండీ."

"కాదులే," అన్నాడు పెద్దాయన, దాని మీద జాలి పడుతున్నట్టు.

బావిలోంచి చేదతో తోడినట్టు మూడు రోజులు తోడితే తొమ్మిది రూల్సు బయటికొచ్చాయి. రాత్రి ఆఖరి బస్సు తెచ్చినవాడికి మర్నాడు మొదటి బస్సు వేయకూడదు. కొత్తవాడికి మొదటి నెల వంతెన దారి ఇవ్వకూడదు. బావా బావమరుదులు పోట్లాడుకున్న వారం వాళ్ళిద్దర్నీ ఒకే బస్సెక్కించకూడదు. ఒక్కొక్కటి రాసుకున్నప్పుడల్లా లీడరు "ఎందుకు?" అని అడిగేవాడు. ఎందుకంటే వాళ్ళ మాస్టారిచ్చిన కాగితంలో రూలుకు ఒక గడి, ఎవరు చెప్పారో ఒక గడి, కారణానికి ఒక గడి ఉన్నాయి. కారణం గడి ఖాళీగా ఉంటే ఆ రూలు కొట్టేస్తారు. ఆ మాస్టారు అంత ఖచ్చితమట.

నాలుగో రోజు వాళ్ళు గుమాస్తా దగ్గర మూడు నెలల కాగితాలు తీసుకుని, పెద్దాయన చెప్పింది ఒకటీ చేసేది ఒకటీ కాదు కదా అని లెక్క చూశారు. అంతా సరిపోయింది, ఒక్కచోట తప్ప.

"ఈ ఇరవై ఏడో నంబరుకి మూడు నెలల్లో ఒక్క సాయంత్రం డ్యూటీ కూడా పడలేదండీ," అన్నాడు లీడరు. "అందరికీ వారానికి ఒకటైనా పడింది."

పెద్దాయన చేతిలో ఉన్న బిళ్ళను తుడవడం ఆపలేదు. "అంతే."

"అంతే అంటే రూలా అండీ?"

"ఆయనకి పొద్దున్నే వెయ్యాలి. రాసుకో."

"కారణం?"

పెద్దాయన పలక వైపు చూశాడు. బిళ్ళను మేకుకు తగిలించాడు. మళ్ళీ తీశాడు. ముప్పై ఏళ్ళలో ఆ గదిలో ఆయన్ని ఎవరూ కారణం అడగలేదు. వేసిన డ్యూటీకి గొణిగేవాళ్ళు గొణిగారు, పోయేవాళ్ళు పోయారు.

"నా ఇష్టం," అన్నాడు.

లీడరు ఆ మాట అలాగే గడిలో రాశాడు. మనవరాలు ఏదో అనబోయి తాత మొహం చూసి ఊరుకుంది. వెళ్ళేముందు కాగితం మొత్తం చదివి వినిపించి కలం ఇచ్చారు. పెద్దాయన నాలుక బయటపెట్టి, ఒక్కో అక్షరమే పేర్చి, సంతకం చేశాడు.

ఇరవై ఏడో నంబరు డ్రైవరుని డిపోలో కోడిపుంజు అంటారు. తెల్లవారగానే బస్సు ఎక్కుతాడు, ఎండ ఉండగానే గూటికి చేరతాడు. "పుంజుగారూ, తమరి కూత అయిందా?" అని బుంగమీసం రోజూ ఎకసెక్కెమాడతాడు. ఆయన నవ్వేసి "నేను కుయ్యకపోతే మీకు తెల్లారదురా," అంటాడు. ఆ నవ్వు వెనక ఉన్న సంగతి ఇద్దరికే తెలుసు.

పదకొండేళ్ళ కిందట, ఒక మునిమాపు వేళ, ఆయన తెచ్చిన బస్సు గేటు స్తంభాన్ని గీరుకుంది. ఖాళీ బస్సు, అద్దం పగిలింది, అంతే. పెద్దాయన దగ్గరికి వెళ్ళేసరికి ఆయన స్టీరింగు మీద తల పెట్టుకుని ఉన్నాడు. "అన్నా, నాకు చీకటి పడితే ఏమీ కనపడట్లేదు," అన్నాడు. "రేచీకటట. ఎవరికీ చెప్పకు. ఇంట్లో తినే నోళ్ళు అయిదు, స్టీరింగు ఒక్కటి." పెద్దాయన ఊఁ అన్నాడు. మర్నాటి నుంచి ఇరవై ఏడో బిళ్ళ పొద్దుటి మేకులు దాటి కిందికి దిగలేదు. మబ్బు పట్టినా, పొగమంచు కమ్మినా తెల్లారేసరికి ఆ బిళ్ళ పలక చివర, బస్సు లేకుండా ఖాళీగా ఉండేవాళ్ళ స్పేరు మేకుకు వేలాడేది, గుమాస్తా కాగితంలోనూ అలాగే దిద్దుకునేవాడు. నోట్లో నువ్వుగింజ నానని ఆ డిపోలో ఆ మాట పదకొండేళ్ళు నానింది.

శుక్రవారం మేనేజరు పిల్లల్ని పిలిచి వాళ్ళు రాసింది చూపించమన్నాడు. చదువుతూ చదువుతూ కుర్చీలో ముందుకు జరిగాడు. డ్యూటీల విషయంలో పక్షపాతం నడుస్తోందని ఆయనకు ఎన్నాళ్ళుగానో ఫిర్యాదులు వస్తున్నాయి. ఎన్నడూ రుజువు దొరకలేదు. ఇప్పుడు సాక్షాత్తూ ముద్దాయి సంతకంతో దొరికింది. కారణం: పెద్దాయన ఇష్టం.

మేనేజరు ఎర్రకలంతో ఆ వరుస కొట్టేశాడు. "మిగతా రూల్సు పెట్టి మీ ప్రోగ్రాం తయారు చెయ్యండి. వచ్చే సోమవారం నుంచి వారం రోజులు దాంతోనే డ్యూటీలు వేద్దాం. బాగుంటే ఉంచేస్తా."

లీడరు మొహం చాటంత అయింది. ఏ జట్టు ప్రాజెక్టూ నిజంగా వాడకానికి రాలేదట. దీనికి మార్కులు కాదు, మెడలో దండ వేస్తారు.

మధ్యాహ్నానికల్లా డిపో అంతా గుప్పుమంది. "ఇష్టమట! విన్నావా!" అన్నాడు బుంగమీసం, పెద్దాయనకు వినపడేలాగే. "మేమేం పాపం చేశాం పెద్దాయనా? మా మీదా కాస్త మనసు పడొచ్చుగా. పుంజు నీకు అల్లుడా, తోడల్లుడా?" అందరూ నవ్వారు. పెద్దాయన బిళ్ళలు తుడుచుకుంటున్నాడు. కోడిపుంజు కుళాయి దగ్గర మొహం కడుక్కుంటూ, కడిగిన మొహాన్నే మళ్ళీ మళ్ళీ కడుక్కున్నాడు.

ఇంట్లో ఆదివారం మనవరాలు నేల మీద కాగితాలు పరుచుకుని కూర్చుంది. పెద్దాయన మంచం మీద కూర్చుని తెగిన చెప్పు కుట్టుకుంటున్నాడు.

"తాతా, ఆయన స్పేర్లో ఉన్న రోజులు ఇవి," అంది తల ఎత్తకుండా. "పదమూడు రోజులు. ఆ రోజుల్లో వాతావరణం ఎలా ఉందో చూశాను. అన్నీ మంచు రోజులూ వాన రోజులే."

సూది ఆగింది.

"ఆయనకి చూపు లేదా?"

పెద్దాయన దారాన్ని పళ్ళతో కొరికి తెంపాడు.

"తాతా, రేపట్నించి మా ప్రోగ్రామే డ్యూటీలు వేస్తుంది. దానికి తెలిసిన పద్ధతి వంతులవారీ. ఆయనకి సాయంత్రం వచ్చి తీరుతుంది. నువ్వు చెప్తావా, నన్ను చెప్పమంటావా?"

"మాటిచ్చాను అమ్మడూ."

"మరి బస్సులో వాళ్ళకో?"

అది చిన్నపిల్ల అడిగిన ప్రశ్నలా లేదు. పెద్దాయన ఆ చెప్పును అటూ ఇటూ తిప్పి చూశాడు. చెబితే ఒక సంసారం కూలుతుంది. చెప్పకపోతే ఏం కూలుతుందో తలుచుకోవడానికే ధైర్యం చాలలేదు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఆ గొయ్యి పదకొండేళ్ళుగా తానే తవ్వుకుంటూ వచ్చాడేమో అన్న అనుమానం మొదటిసారి కలిగింది. ఒకసారి మిట్టమధ్యాహ్నం ఉన్నట్టుండి ఆకాశం నల్లబడిన రోజు ఆయనకు గుర్తుంది. కోడిపుంజు అప్పటికే బస్సుతో దారిలో ఉన్నాడు. బస్సు గేట్లోకి వచ్చేవరకూ పెద్దాయన గొడుగు కూడా వేసుకోకుండా రోడ్డు మీద నిలబడ్డాడు. ఆ రోజు ఏమీ కాలేదు. కాలేదు కాబట్టి ఆ సంగతి అక్కడే పూడ్చిపెట్టాడు.

"ముందు వాడితో మాట్లాడనీ," అన్నాడు.

సోమవారం మాట్లాడాడు. కోడిపుంజు అప్పటికే గోడకు అంటించిన కొత్త కాగితం చూసి వచ్చాడు. వారంలో ఒక్కటే సాయంత్రం డ్యూటీ. గురువారం, ఆరూ పదికి, వంతెన దారి.

"ఒక్కరోజేగా అన్నా. సెలవు పెడతా."

"తర్వాత వారం?"

"తర్వాత సంగతి తర్వాత. నాలుగేళ్ళు గడిస్తే మా పెద్దపిల్ల ఉద్యోగంలో చేరుతుంది. నువ్వు మాత్రం నోరు విప్పకు."

"నేనెప్పుడు విప్పాను?"

"అదే చెప్తున్నా. ఇప్పుడు విప్పకు."

గురువారం మధ్యాహ్నం సెలవు చీటీ తిరిగొచ్చింది. మేనేజరు దాని మీద పెద్ద అక్షరాలతో రాశాడు: ఇన్నేళ్ళు లేని జ్వరం సాయంత్రం డ్యూటీ పడగానే వచ్చిందా? కుదరదు. దాన్ని బుంగమీసం అందరికీ చదివి వినిపించాడు. పెద్దాయన ఇరవై ఏడో బిళ్ళ తీసి జేబులో వేసుకున్నాడు. దానివల్ల ఒరిగేదేమీ లేదు. పలకతో ఇప్పుడు ఎవరికీ పని లేదు, చూస్తున్నది గోడ మీది కాగితాన్నే.

అయిదున్నరకు ప్రయాణికులు ఎక్కడం మొదలైంది. పనుల నుంచి ఇళ్ళకు పోయేవాళ్ళు, సంచులూ పిల్లలూ. వెలుతురు పలచబడుతోంది. పిల్లలు ముగ్గురూ వచ్చారు. తమ ప్రోగ్రాం ఇరవై ఏడుకి వేసిన మొదటి సాయంత్రం బస్సు బయల్దేరడం చూసి ఫొటో తీసుకుందామని లీడరు సరదా. మనవరాలు మాత్రం తాతనే చూస్తోంది. పెదవి కొరుక్కుంటోంది. ఇంకో క్షణం చూసి తనే చెప్పేసేలా ఉంది.

ఆరు దాటి మసక చీకటి పడ్డాక కోడిపుంజు వచ్చాడు. బస్సు పక్కన చెయ్యి ఆనించుకుంటూ నడిచి, తలుపు తీసి, సీట్లో కూర్చున్నాడు. ఇంజను మొదలైంది. తల వంచి ముందు అద్దంలోంచి చూస్తున్నాడు. పెద్దాయన అతనికి ఎదురుగా, పది అడుగుల దూరంలో నిలబడి ఉన్నాడు. అతని కళ్ళు నేరుగా పెద్దాయన మీదే ఉన్నాయి. అయినా కోడిపుంజు ముఖంలో, ఎదురుగా మనిషి ఉన్నాడన్న గుర్తే లేదు.

బస్సు గేరు పడింది.

"ఆపు!" అన్నాడు పెద్దాయన. ఆయన గొంతు అంత పెద్దదని డిపోలో ఎవరికీ తెలియదు. "ఆపరా! నేను, అన్నని! నీ ముందే ఉన్నాను!"

బస్సు ఒక్క కుదుపుతో ఆగింది. గదుల్లోంచి మనుషులు బయటికొచ్చారు. మేనేజరు కూడా వచ్చాడు.

"ఏంటి పెద్దాయనా ఈ గోల? టైమవుతోంది."

"అతను తోలకూడదు," అన్నాడు పెద్దాయన. "అతనికి రేచీకటి. పదకొండేళ్ళుగా."

బస్సులో ఒక పిల్ల ఏడుస్తోంది, తల్లి ఊరుకోబెడుతోంది. కోడిపుంజు ఇంజను ఆపి, మెల్లగా దిగి, తలుపు పట్టుకుని నిలబడ్డాడు.

అప్పుడే డ్యూటీ దిగి, ఇంటికి పోవడానికి సంచి భుజాన వేసుకున్న బుంగమీసం ఆ సంచి తీసి గుమాస్తా చేతిలో పెట్టాడు. ఎవరూ చెప్పకుండానే బస్సెక్కాడు. ఎక్కుతూ కోడిపుంజు మొహంలోకి చూడలేకపోయాడు. "తెలిస్తే నేనలా అనేవాణ్ణా," అని మాత్రం గొణిగాడు. అది ఎవరితో అన్నాడో. బస్సు గేటు దాటింది.

మేనేజరు ఇద్దర్నీ గదిలోకి పిలిచి తలుపేశాడు.

"పదకొండేళ్ళు!" అన్నాడు. "జనం ప్రాణాలతో ఆడుకున్నారా ఇద్దరూ?"

"పగలు అతని చూపు నాకంటే మేలు," అన్నాడు పెద్దాయన.

"అది చెప్పడానికి నువ్వేమైనా డాక్టరువా?"

పెద్దాయన తల దించుకున్నాడు. ఆ ఆకాశం నల్లబడిన రోజు మళ్ళీ కళ్ళముందుకొచ్చింది. డాక్టరు కాదు. మేకులూ బిళ్ళలూ తెలిసినవాడు, అంతే. ఆ మాత్రానికే పదకొండేళ్ళు బస్సు నిండా మనుషులకు పూచీ పడ్డాడు, వాళ్ళను అడక్కుండా.

గంటపైన ప్రశ్నలు నడిచాయి. రేపే కంటి పరీక్ష. అది తేలేవరకూ ఇరవై ఏడు స్టీరింగు ముట్టుకోకూడదు. పెద్దాయన సంగతి యజమాని తేలుస్తాడు. ఎందుకు దాచావని మేనేజరు మూడుసార్లు అడిగాడు. ఎవరూ అడగలేదని పెద్దాయన అనలేదు. అడిగారు కదా, గడి గీసి మరీ అడిగారు.

బయట లీడరు గోడకు ఆనుకుని నిలబడి ఉన్నాడు. మొహం పాలిపోయింది. "నేను ఆ మాట రాయకుండా ఉండాల్సింది తాతగారూ," అన్నాడు. "ఇంకొక్కసారి అడగాల్సింది."

"అడిగినా చెప్పేవాణ్ణి కాదు బాబూ," అన్నాడు పెద్దాయన. "నువ్వు సరిగ్గానే రాశావు."

బొమ్మలమ్మాయి వాణ్ణి చెయ్యి పట్టుకుని తీసుకుపోయింది.

అప్పటికి బాగా చీకటి పడింది. కోడిపుంజు మెట్టు మీదే నిలబడిపోయాడు. ఇన్నేళ్ళలో ఈ వేళకు ఆయన ఇంటి బయట ఉన్నది లేదు. ఒక చెయ్యి గోడ మీద ఉంది. పెద్దాయన దగ్గరికి వెళ్ళి చెయ్యి చాచాడు.

"ముట్టుకోకు," అన్నాడు కోడిపుంజు.

పెద్దాయన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

కోడిపుంజు గోడ వదిలి రెండడుగులు వేశాడు. మూడో అడుగు బస్సులు కడిగే బకెట్టుకు తగిలింది. అది దొర్లుకుంటూ పోయిన చప్పుడు ఆవరణంతా వినపడింది. మనవరాలు పరుగెత్తబోతే పెద్దాయన చెయ్యి అడ్డం పెట్టి ఆపాడు. ముగ్గురూ అలాగే నిలబడ్డారు. గేటు బయట బండ్లు పోతున్నాయి.

"ఎటు?" అన్నాడు కోడిపుంజు.

"ఎడమకి."

ఎడమకు తిరిగాడు, అడుగు పడలేదు. పెద్దాయన వెళ్ళి, ముట్టుకోకుండా, ఆయన ముందు నిలబడ్డాడు. కోడిపుంజు చెయ్యి గాలిలో తడుముకుని ఆ భుజం మీద పడింది. అది పట్టుకున్నట్టు లేదు, బరువు మోపినట్టుంది. నడిచారు. మనవరాలు నాలుగడుగుల వెనక వస్తోంది.

"పదకొండేళ్ళు ఓర్చుకున్నవాడివి ఇంకో నాలుగేళ్ళు ఓర్చుకోలేకపోయావా?"

"బస్సు నిండా జనం ఉన్నారురా."

"పొద్దుటి బస్సులో ఉండేవాళ్ళు జనం కాదా?"

పెద్దాయన నడుస్తూనే ఉన్నాడు. వీధి మలుపు తిరిగింది. దీపాల కింద కూరగాయలమ్మేవాళ్ళు బుట్టలు సర్దుకుంటున్నారు. ఎవరో కోడిపుంజుని పేరు పెట్టి పలకరించారు. ఆయన ఆ గొంతు వైపు తల తిప్పి, నవ్వుదామని నవ్వలేకపోయాడు. భుజం మీద వేళ్ళు గట్టిగా దిగాయి.

"మా ఆవిడకి నువ్వే చెప్పు. నావల్ల కాదు."

"చెప్తా."

"ఏమని చెప్తావు?"

పెద్దాయన నాలుగడుగులు ఆలోచించాడు. చెప్పవలసింది చాలా ఉంది, ఎక్కడ మొదలుపెట్టాలో మాత్రం తోచలేదు. ఈలోగా ఆ ఇల్లు రానే వచ్చింది. లోపల దీపం వెలుగుతోంది. ఎవరో తలుపు గడియ తీస్తున్నారు.

"మెట్టుంది," అన్నాడు పెద్దాయన. "కాలెత్తు."